ఈ శుక్ర, శని, ఆదివారాల గాలి ఎలా ఉండబోతోంది? యాప్‌లో శనివారం 18 నాట్లు చూపిస్తోంది, వెళ్లొచ్చా?

కొత్తబోర్డు | బుధవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. వీకెండ్ విండ్‌సర్ఫింగ్ కోసం గాలి యాప్ చూస్తున్నా, శుక్రవారం 8 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కి.మీ.), శనివారం 18 నాట్లు గస్టులు (విసుర్లు) 27, ఆదివారం 14 నాట్లు పక్కనే ఉరుము బొమ్మ. శుక్రవారం సెలవు దొరుకుతుంది కానీ 8 నాట్లకి బోర్డు దింపి ఏం చేస్తాం, అందుకే శనివారానికి ఫిక్స్ అయిపోయా. మన బీచ్ పడమర వైపు కదా, శనివారం గాలి తూర్పు నుంచి అని ఉంది. నా బరువు 75 కిలోలు, 5.5, 7.0 చదరపు మీటర్ల సెయిల్స్ ఉన్నాయి, హార్నెస్ (సెయిల్ లాగుడుని నడుముతో మోసే బెల్టు) ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది, వాటర్ స్టార్ట్ (నీళ్లలో ఉండే సెయిల్‌ని గాలికి లేపి బోర్డు ఎక్కడం) ఇంకా రాలేదు. శనివారం 5.5 సరిపోతుందా? ఇంకేమైనా చూసుకోవాలా?

ఒడ్డుగాలి | బుధవారం, రాత్రి 9:32

తమ్ముడూ, సెలవు శుక్రవారం పెట్టు. శనివారం నీళ్లలోకి వెళ్లకు.

పడమర బీచ్‌లో తూర్పు గాలి అంటే పక్కా ఆఫ్‌షోర్, నిన్ను ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది. వాటర్ స్టార్ట్ రాకుండా, 27 గస్టుల్లో పడిపోయి అప్‌హాల్ తాడుతో సెయిల్ పైకి లాగుతూ కూర్చుంటే పది నిమిషాల్లో ఎంత దూరం కొట్టుకుపోతావో నీకే తెలీదు. ఇంకో సంగతి, ఆఫ్‌షోర్ రోజున ఒడ్డు మీద నిలబడితే అంతా ప్రశాంతంగానే కనిపిస్తుంది. వెనకాల చెట్లు, బిల్డింగులు గాలికి అడ్డు, ముందు నీళ్లు అద్దంలా ఉంటాయి, చూసినవాడికి ఇదేం గాలి అనిపిస్తుంది. అడ్డు ఎంత ఎత్తుందో దానికి పది ఇరవై రెట్ల దూరం దాకా గాలి చచ్చిపోయి, ముక్కలుముక్కలుగా ఉంటుంది, అది దాటాక అసలు గాలి తగులుతుంది. కళ్లు చిట్లించి దూరంగా చూడు, అక్కడ తెల్ల నురగ కనిపిస్తుంటే లోపల ఎలా ఉందో అర్థమైపోతుంది.

కొత్తబోర్డు | బుధవారం, రాత్రి 9:41

శనివారం సంగతి అర్థమైందన్నా. కానీ శుక్రవారం ఎందుకు వెళ్లమంటున్నారు? 8 నాట్లే కదా?

ఐసోబార్ | బుధవారం, రాత్రి 10:25

దీనికి కొంచెం పెద్దగానే చెప్పాలి, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ మూడు రోజులూ మూడు వేరే రకాల గాలులు, యాప్ మాత్రం మూడింటినీ ఒకే అంకెల వరసలో పెట్టి చూపిస్తుంది.

ముందు మ్యాప్ సంగతి. ఇప్పుడు మనకి ఉత్తరాన అధిక పీడనం ఉంది, నైరుతి నుంచి ఒక అల్పపీడనం నెమ్మదిగా దగ్గరికి వస్తోంది. శుక్రవారానికి అది ఇంకా దూరం, ఐసోబార్ గీతలు (ఒకే పీడనం ఉన్న చోట్లని కలిపేవి) ఎడంగా ఉన్నాయి, అందుకే పీడనం వల్ల వచ్చే గాలి తూర్పు నుంచి 6, 8 నాట్లు మాత్రమే. శనివారానికి గీతలు దగ్గరపడతాయి, అదే తూర్పు గాలి 18 అవుతుంది. ఆదివారం ఆ అల్పపీడనం తాలూకు ద్రోణి మన మీదుగా దాటుతుంది, గాలి ఆగ్నేయం నుంచి నైరుతికి తిరుగుతుంది, ఉరుములు దానివే. మీరు గాలికి వీపు పెట్టి నిలబడితే ఉత్తరార్ధ గోళంలో అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది, శనివారం ఒడ్డు మీద నిలబడి చూసుకోండి, సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు శుక్రవారం. ఆకాశం నిర్మలం, నేల బాగా వేడెక్కుతుంది, సముద్రం చల్లగా ఉంది. నేల మీద గాలి వేడెక్కి పైకి లేస్తే సముద్రం మీద గాలి లోపలికి వస్తుంది, సీ బ్రీజ్ అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియనిది ఏంటంటే పొద్దున్న నేల మీంచి సముద్రం వైపు తేలికపాటి గాలి ఉంటే సీ బ్రీజ్‌కి అది సాయం చేస్తుంది, ఎందుకంటే కింద సముద్రం నుంచి గాలి లోపలికి వచ్చినప్పుడు పైన అంత గాలీ సముద్రం వైపు తిరిగి వెళ్లాలి, ఆ పై వరస ముందే అటు కదులుతుంటే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. శుక్రవారం సరిగ్గా ఆ పరిస్థితే. యాప్ చూపించే 8 నాట్లు ఆ పొద్దుటి తూర్పు గాలివి. మధ్యాహ్నానికి అది తిరగబడి పడమర నుంచి 14, 16 వస్తుందని నా అంచనా.

యాప్ ఎందుకు చూపించలేదంటే అందులో వచ్చేది జీఎఫ్‌ఎస్ అనే అమెరికా వాతావరణ మోడల్, అది భూమిని గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తుంది, దాని గడి సుమారు 13 కిలోమీటర్లు. ఒక గడిలో సగం నేల సగం నీళ్లు పడితే తీరం ఎక్కడుందో దానికి సరిగ్గా తెలీదు, సీ బ్రీజ్‌ని సగం చేసి చూపిస్తుంది, కొన్నిసార్లు అసలు చూపించదు. యూరప్ వాళ్ల మోడల్ ఈసీఎండబ్ల్యూఎఫ్ గడి 9 కిలోమీటర్లు, కొంచెం నయం. రెండు మూడు కిలోమీటర్ల గడి ఉన్న ప్రాంతీయ మోడల్ మీ యాప్‌లో ఉంటే సీ బ్రీజ్ రోజున అదే చూడండి.

నురగతెడ్డు | బుధవారం, రాత్రి 10:58

కయాక్ వాళ్ల తరఫున ఒక ముక్క. శనివారం అమావాస్య. అంటే పోటు పెద్దది, ఆటూ పెద్దదే, అసలు పెద్ద పోటు అమావాస్య దాటాక ఒకటి రెండు రోజులకి వస్తుంది కాబట్టి వీకెండ్ మొత్తం ప్రవాహాలు గట్టిగా ఉంటాయి. ఆటు సమయంలో నది మూతి దగ్గర నీళ్లు బయటికి లాగుతుంటే శనివారం తూర్పు గాలి కూడా అటే తోస్తుంది. అప్పుడు నీళ్లు నున్నగా ఉంటాయి, గాలీ నీళ్లూ ఒకే దిక్కుకి పోతున్నాయి కాబట్టి అల లేవదు, అందుకే ప్రమాదం కనిపించదు. శుక్రవారం మధ్యాహ్నం దానికి పూర్తిగా ఉల్టా, పడమర గాలి లోపలికి, ఆటు బయటికి, రెండూ గుద్దుకుని పొట్టి నిటారు అలలు లేస్తాయి, చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ పడిపోతే ఒడ్డుకే వస్తావు. నది మూతికి దూరంగా బీచ్ దక్షిణం చివర్లో దిగండి.

వేగం_వేగం | గురువారం, ఉదయం 6:50

శనివారాన్ని అంత తీసిపారేయకండి. ఆఫ్‌షోర్‌లో ఒడ్డుకి దగ్గరగా నీళ్లు నున్నగా ఉంటాయి, స్పీడ్ చేసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? 2015లో ఆంటోయిన్ ఆల్బో నమీబియా లూడెరిట్జ్‌లో 53.27 నాట్ల రికార్డు కొట్టింది నున్నటి నీళ్ల మీదే, దానికోసం ఇసకలో కాలువే తవ్వారు. మేం నలుగురం శనివారం పొద్దున్నే వెళ్తున్నాం, ఒడ్డుకి వంద మీటర్ల లోపే ఒడ్డు వెంబడి రీచ్‌లు (గాలికి అడ్డంగా పరుగులు) వేస్తాం.

ఒడ్డుగాలి | గురువారం, ఉదయం 7:15

@వేగం_వేగం మీరు వెళ్లండి, మీ దగ్గర మోటర్ బోట్ ఉంది, నలుగురూ ఒకర్నొకరు చూసుకుంటారు, ఎవరి బూమ్ (సెయిల్‌ని పట్టుకునే కర్ర) విరిగినా ఇంకొకరు వెళ్లి తెస్తారు. కానీ లూడెరిట్జ్ కాలువలో పడిపోతే కొట్టుకుపోయేది అవతలి ఇసక గట్టుకి. ఇక్కడ అవతలి గట్టు లేదు. ఈ థ్రెడ్ పెట్టిన తమ్ముడు ఒంటరిగా వెళ్తాడు, ఆ తేడా గుర్తుపెట్టుకుని రాయండి.

వేగం_వేగం | గురువారం, ఉదయం 7:31

ఒప్పుకుంటా. బోట్ లేకపోతే నేనూ వెళ్లను. @కొత్తబోర్డు నువ్వు మాతో రావాలనుకుంటే ఒడ్డు మీద ఉండి చూడు, రిగ్గింగ్ (సెయిల్ బిగించడం) నేర్పిస్తా, నీళ్లలోకి మాత్రం కాదు.

ఐసోబార్ | గురువారం, ఉదయం 8:05

శనివారానికి ఇంకో చిక్కుంది, స్పీడ్ వాళ్లు కూడా వినండి. నేల ఆ రోజు కూడా వేడెక్కుతుంది, సీ బ్రీజ్ రావాలని చూస్తుంది, కానీ 18 నాట్ల తూర్పు గాలి దాన్ని ఒడ్డు ఎక్కనివ్వదు. అప్పుడు సముద్రంలో రెండు మూడు కిలోమీటర్ల అవతల ఎక్కడో పడమర గాలి, ఒడ్డు దగ్గర తూర్పు గాలి, మధ్యలో గాలి లేని పట్టీ ఒకటి ఏర్పడొచ్చు. కొట్టుకుపోయినవాడు అందులో చిక్కుకుంటే సెయిల్ ఉండీ లాభం లేదు. మీరు కూడా పదకొండు లోపు ముగించుకుంటే మంచిది, ఆ తర్వాత గాలి ఎటు ఊగుతుందో చెప్పలేం.

ఆ గస్టులు 27 దేనికో కూడా చెప్తా. అంకెల్లో ముందు కనిపించే 18 సగటు, నేల నుంచి 10 మీటర్ల ఎత్తులోది. గస్ట్ అంటే రెండు మూడు సెకన్ల విసురు. వేడెక్కిన నేల మీంచి వచ్చే గాలిలో పైకీ కిందకీ కలబోత ఎక్కువ, పై పొరల్లో ఉన్న వేగమైన గాలి ముద్దలు ముద్దలుగా కిందకి దిగుతుంది. సముద్రం మీంచి వచ్చే గాలికి ఆ గొడవ తక్కువ, అందుకే 16 సీ బ్రీజ్ నిండుగా ఒకేలా లాగుతుంది. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది, 18 నుంచి 27కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, సెయిల్ మీద బలం రెండుంపావు రెట్లు. 5.5 వేసుకున్నవాడికి ఒక్కసారిగా 12 చదరపు మీటర్ల సెయిల్ చేతిలో పెట్టినట్టు లెక్క. సగటుకీ గస్టుకీ తేడా సగటులో సగం ఉందంటే కొత్తవాళ్ల రోజు కాదు.

పిట్టరెక్క | గురువారం, మధ్యాహ్నం 1:20

నేను పారాగ్లైడింగ్ చేస్తా, సీ బ్రీజ్ మీకు చుట్టం, మాకు గండం, అందుకే దాని రాక మేం పొద్దున్నుంచీ చూస్తూనే ఉంటాం. శుక్రవారం మీరు చూడాల్సింది నేల వైపు. పది, పదకొండుకి నేల మీద చిన్న దూది మబ్బులు మొదలై, సముద్రం మీద మాత్రం ఆకాశం ఖాళీగా ఉంటే గాలి వస్తున్నట్టే. ఆ మబ్బుల వరస ఒడ్డు నుంచి నెమ్మదిగా లోపలికి జరుగుతుంది, దాని వెనకాలే సముద్రపు గాలి ఉంటుంది. పలచటి ఎత్తు మబ్బు ఆకాశమంతా కప్పేస్తే మాత్రం ఆశ తగ్గించుకోండి, ఎండ సన్నగిల్లితే నేల వేడెక్కదు.

ఆదివారం మా గుంపు ఎగరడం ఎప్పుడో కాన్సిల్ చేసుకుంది. కేప్ (ఉరుము మబ్బులు లేవడానికి గాలిలో ఉన్న శక్తి) విలువలు 2000 దాటి చూపిస్తున్నాయి, గాలిలో తేమ బాగా ఉంది, మధ్యాహ్నం క్యుములోనింబస్ అనే ఉరుము మేఘాలు ఖాయం. పిడుగు ఒక్కటే కాదు భయం, ఆ మబ్బు కింద నుంచి చల్లగాలి నేలకి కొట్టుకుని చుట్టూ పరుచుకుంటుంది చూడండి, వాన పడే చోటికి పది పదిహేను కిలోమీటర్ల ముందే అది వచ్చేస్తుంది. మీ తల మీద ఎండ ఉండగానే 10 నాట్ల గాలి నిమిషంలో 35 అవుతుంది, దిక్కు కూడా మారిపోతుంది.

కొండకాలిబాట | గురువారం, మధ్యాహ్నం 2:05

ఆదివారం మేం కొండ మీదకి ట్రెక్ పెట్టుకున్నాం, ఎనిమిది మంది. ఉరుము బొమ్మ మధ్యాహ్నం 3 గంటల గడిలో ఉంది. తెల్లవారుజామున 4కి బయల్దేరితే పన్నెండుకల్లా శిఖరం వదిలేసి కిందకి దిగిపోగలం. వెళ్లొచ్చంటారా?

ఐసోబార్ | గురువారం, మధ్యాహ్నం 2:40

@కొండకాలిబాట ఆ 3 గంటల గడిని గడియారంలా నమ్మకండి. ఉరుములు పడతాయా అన్నది మోడల్ ముందే బాగా చెప్తుంది, ఏ కొండ మీద ఎన్నింటికి అన్నది చెప్పలేదు. ద్రోణి మూడు గంటలు ముందొచ్చినా ఆశ్చర్యం లేదు. పైగా కొండ మీద గాలి మైదానం కంటే ముందే లేస్తుంది, కనుమల్లో ఇరుక్కుని ఇంకా పెరుగుతుంది, మబ్బులు కూడా మొదట కొండ మీదే కట్టుకుంటాయి. శనివారం రాత్రి రన్ (మోడల్ కొత్తగా వేసే లెక్క) చూసి నిర్ణయించుకోండి, వెళ్తే మాత్రం పదింటికే వెనక్కి తిరిగేలా దారి చిన్నది ఎంచుకోండి. పొద్దున ఎనిమిదికే మబ్బులు కోటబురుజుల్లా నిలువుగా పెరగడం కనిపిస్తే అక్కడికక్కడే వెనక్కి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు అంటే సుమారు పది కిలోమీటర్లు, అంతకంటే తక్కువ వినిపిస్తే అప్పటికే ఆలస్యం అయినట్టు, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. మాస్ట్ (సెయిల్‌ని నిలబెట్టే స్తంభం) పట్టుకుని నీళ్లలో ఉండేవాళ్లకీ ఇదే లెక్క, కార్బన్ మాస్ట్ కరెంటుని మోస్తుంది.

కొత్తబోర్డు | గురువారం, రాత్రి 8:15

అందరికీ చాలా థాంక్స్, శుక్రవారం సెలవు పెట్టేశా. 7.0 వెయ్యాలా 5.5 ఆ? ఇంకోటి, గాలి ఎన్నింటికి వస్తుందో ముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా, పొద్దున్నుంచీ ఒడ్డు మీద కూర్చోవాలా?

తెరచాప | గురువారం, రాత్రి 8:50

బరువుని 1.34తో గుణించి నాట్లతో భాగిస్తే సెయిల్ సైజు ఉజ్జాయింపుగా వస్తుంది. నీకు 75, గాలి 15 అనుకుంటే 6.7. కాబట్టి 7.0 రిగ్ చెయ్యి. డౌన్‌హాల్ (సెయిల్‌ని మాస్ట్ వెంబడి కిందకి బిగించే తాడు) బాగా లాగు, చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే తక్కువ లాగుతారు. సెయిల్ పైభాగంలో మాస్ట్ నుంచి వెనక అంచు వైపు చూస్తే పై రెండు బాటెన్ల (సెయిల్‌లో ఉండే అడ్డ పుల్లల) మధ్య గుడ్డ వదులుగా, వేలితో నొక్కితే పట్టపట్టమని ఆడేలా ఉండాలి. అలా ఉంటే గస్ట్ వచ్చినప్పుడు పైభాగం తెరుచుకుని గాలిని వదిలేస్తుంది, నీ చేతుల మీద భారం పడదు. అవుట్‌హాల్ (సెయిల్‌ని బూమ్ చివరికి లాగే తాడు) మాత్రం బూమ్‌ని సెయిల్ తాకీతాకనట్టు ఉండేంత చాలు. గాలి 18 దాటితే బయటికొచ్చి 5.5 మార్చుకో, మొండిగా లాగకు.

టైం సంగతి, 11కి చేరుకుంటే చాలు. తూర్పు గాలి పడిపోయి జెండా కర్రకి అతుక్కుపోతుంది, పావుగంటో అరగంటో ఆకు కదలదు, ఉక్కపోస్తుంది. చాలామంది ఇక రాదని సర్దుకుని వెళ్లిపోయేది ఆ టైంలోనే. నువ్వు అప్పుడు రిగ్ చెయ్యడం మొదలుపెట్టు. దూరంగా సముద్రం మీద ముదురు నీలం గీత ఒకటి కనిపిస్తుంది, అది ఒడ్డు వైపు వస్తుంటుంది, అదే గాలి. ఆ గీత వచ్చి జెండా లోపలికి తిరిగాక ఇంకో అరగంట ఆగు, సర్దుకుంటుంది.

ఒడ్డుగాలి | గురువారం, రాత్రి 9:20

దీనికి ఒక్కటి కలుపుతా. సీ బ్రీజ్ మొదట సూటిగా ఒడ్డుకి కొడుతుంది, అప్పుడు అలల్లోంచి బయటపడటం కష్టం. ఉత్తరార్ధంలో భూమి తిరుగుడు వల్ల పొద్దు వాలేకొద్దీ అది కుడికి తిరుగుతుంది, అంటే మనకి పడమర నుంచి వాయవ్యానికి. 3, 4 గంటలకి గాలి ఒడ్డుకి ఏటవాలుగా పడుతుంది, బయటికీ లోపలికీ రెండు వైపులా హాయిగా రీచ్ చెయ్యొచ్చు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ డాక్టర్ అని పేరున్న సీ బ్రీజ్ కూడా పడమర తీరానికి వచ్చేదే, దక్షిణార్ధం కాబట్టి ఎడమకి తిరిగి దక్షిణ నైరుతి నుంచి వీస్తుంది. నీ ఓపిక మొత్తం ఒంటిగంటకే ఖర్చుపెట్టేయకుండా మూడింటికి దాచుకో.

పిట్టరెక్క | శుక్రవారం, ఉదయం 10:40

నేల మీద మబ్బులు మొదలయ్యాయి, సముద్రం మీద శుభ్రంగా ఉంది. ఎత్తు మబ్బులు లేవు. వెళ్లేవాళ్లు బయల్దేరండి.

కొత్తబోర్డు | శుక్రవారం, రాత్రి 7:45

తెరచాప అన్న చెప్పినట్టే పన్నెండుకి జెండా కర్రకి అతుక్కుపోయింది, ఇద్దరు సర్దుకుని వెళ్లిపోయారు కూడా. పన్నెండున్నర దాటాక నీలం గీత కనిపించింది! తీరా వచ్చాక 12 దగ్గర మొదలై మూడింటికి 15, 16 నిలబడింది, 7.0తో హార్నెస్‌లో వేలాడి మొదటిసారి ఫుట్‌స్ట్రాప్‌లో కాలు పెట్టా, బోర్డు నీళ్ల మీద లేచి పరిగెత్తుతుంటే ఆ చప్పుడే వేరు. యాప్ చూస్తే ఇప్పటికీ ఈరోజుకి 8 నాట్లు అనే ఉంది. ఐసోబార్ గారూ, మీకు రుణపడిపోయా. ఇక ఆదివారం పొద్దున్నే ఏమైనా ఛాన్స్ ఉందా? ఉదయం 7 నుంచి 10 దాకా ఆగ్నేయం 13 చూపిస్తోంది, ఉరుములు మధ్యాహ్నానికే కదా?

ఐసోబార్ | శుక్రవారం, రాత్రి 8:30

శుభవార్త, సంతోషం. ఆదివారం పొద్దున మాత్రం వద్దంటా. ఆగ్నేయం అంటే మన ఒడ్డుకి ఇంకా బయటికే తోస్తుంది. పైగా నిన్నటికీ ఇవాల్టికీ రన్‌లు పోల్చి చూశా, జీఎఫ్‌ఎస్ రోజుకి నాలుగు సార్లు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 00, 06, 12, 18కి కొత్తగా లెక్క వేస్తుంది, ఒక్కో రన్‌లో ద్రోణి దాటే టైం అటూ ఇటూ జరుగుతూనే ఉంది. రన్ రన్‌కీ మారిపోయే అంకె ఉంటే దాని మీద ప్లాన్ వెయ్యొద్దు.

నీ కళ్లు సోమవారం మీద పెట్టు. ద్రోణి దాటాక గాలి పడమర నైరుతికి తిరిగి స్థిరపడుతుంది. ఈసీఎండబ్ల్యూఎఫ్ ఎన్‌సెంబుల్‌లో 50 సభ్యులూ ఒక కంట్రోలూ ఉంటాయి, అంటే ఒకే రోజుని కొంచెం కొంచెం తేడాలతో 51 సార్లు లెక్కవేస్తారు. ఆదివారానికి ఆ గీతలు విసనకర్రలా విచ్చుకుపోయాయి, సోమవారం మధ్యాహ్నానికి మళ్లీ దగ్గరకొచ్చి ఎక్కువ భాగం 15కీ 20కీ మధ్య ఉన్నాయి. దిక్కులో కూడా పెద్దగా తేడాలు లేవు.

వేగం_వేగం | శనివారం, మధ్యాహ్నం 12:15

పొద్దున రెండు గంటలు బాగా నడిచింది, ఒడ్డు దగ్గర నున్నగా. పదిన్నరకి గాలి గుంటలు పడటం మొదలైంది, ఒక నిమిషం 25, మరో నిమిషం 5, మాలో ఒకరు ఆ గుంటలో ఆగిపోతే బోట్‌తో లాక్కొచ్చాం. అందరం ఒడ్డు మీదే ఉన్నాం. దూరంగా నురగ బయటికే పోతోంది, ఇప్పుడు ఎవరూ దిగకండి, కయాక్‌లు కూడా.

కొండకాలిబాట | శనివారం, రాత్రి 9:05

సాయంత్రం రన్‌లో ద్రోణి 11 గంటలకే చూపిస్తోంది. ట్రెక్ వచ్చే వారానికి మార్చేశాం, అందరికీ చెప్పేశా.

తెరచాప | ఆదివారం, సాయంత్రం 6:30

మెరుపులు ఆగిపోయాయి, గాలి నైరుతికి తిరిగింది, టెంపరేచర్ బాగా పడిపోయింది. @కొత్తబోర్డు రేపు రెండింటికి నేనూ దక్షిణం చివర్లో ఉంటా. 5.5 రిగ్ చెయ్యి, 7.0 బ్యాగులోనే ఉంచు. ద్రోణి తాలూకు అల ఇంకా మిగిలుంటుంది కాబట్టి నడుము లోతు నీళ్లలో వాటర్ స్టార్ట్ నేర్పిస్తా, గాలి లోపలికే కొడుతుంది, ఎన్నిసార్లు పడినా ఒడ్డుకే వస్తావు. వచ్చే ముందు ఒకసారి స్టేషన్ రీడింగ్ చూసుకో, ఫోర్‌కాస్ట్ కాదు, అప్పటికప్పుడు కొలిచింది. అందులో 14 లోపు ఉంటే 7.0 బయటికి తియ్యి.